గుర్తుపట్టారా సార్?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ పాత విద్యార్థుల చుట్టూ తిరిగాయి. పాఠాలు చెబుతున్నవాళ్లు రాశారు, చెప్పి రిటైరైనవాళ్లు రాశారు, ఒకప్పుడు ఆ పాఠాలు విన్నవాళ్లూ రాశారు. ఏడు ఉత్తరాలు ఎంచుకున్నాం. పేర్లు వేయలేదు, జిల్లాలు మాత్రం ఉంచాం. జవాబులు రాసినవాళ్లు ప్రధానోపాధ్యాయులుగా, ప్రాథమిక పాఠశాల టీచర్లుగా పనిచేసినవాళ్లు, పూర్వ విద్యార్థుల సంఘాల పనులు దగ్గరుండి చూసినవాళ్లు.

మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్ని (ఎస్జీటీ). హైస్కూలు టీచర్ల దగ్గరికి పాత పిల్లలు వస్తారు, సన్మానాలు చేస్తారు. మా దగ్గరికి ఎవరూ రారు. ఐదో తరగతి దాటిన పిల్లలు బజార్లో కనిపించినా తల దించుకుని పోతారు. పగలంతా యాప్‌లో ఫొటోలు ఎక్కించడంతోనే సరిపోతోంది. నేను చెప్పేది ఎక్కడికైనా చేరుతోందా అని బెంగగా ఉంది. – ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా

చేరుతోందమ్మా. కాకపోతే మీరు నేర్పేది పిల్లల జ్ఞాపకంలో మీ పేరుతో నిలవదు. త్రికోణమితి చెప్పిన మాస్టారు అందరికీ గుర్తుంటారు. కకు కొమ్మిస్తే కు అని దిద్దించిన టీచరు గుర్తుండరు. ఆరేడేళ్ల వయసులో నేర్చుకున్నది అలవాటుగా ఒంట్లో కలిసిపోతుంది, ఫలానా రోజు ఫలానావారు నేర్పారని మిగలదు. చదవడం తనకు ఏ రోజు వచ్చిందో చెప్పగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఇక బజార్లో తల దించుకోవడం పదకొండేళ్ల పిల్లల సిగ్గు. దాన్ని మరుపనుకోకండి.

పిల్లలు గుర్తుంచుకోలేనిదాన్ని మీరు దాచిపెట్టాలి. జూన్‌లో బడి తెరిచిన రెండో వారంలో రెండు నుంచి ఐదో తరగతి దాకా ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఒక కాగితమిచ్చి 20 మాటలు డిక్టేషన్ చెప్పండి. ఐదు గుణింతాల మాటలు, ఐదు ద్విత్వాలు (అక్క, పువ్వు లాంటివి), ఐదు సంయుక్తాలు (పుస్తకం, చంద్రుడు), మిగతా ఐదు లకూ ళకూ, నకూ ణకూ, శ ష సలకూ మధ్య తడబడేవి. కాగితం వెనక ఐదు లెక్కలు. అందులో రెండు పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునే తీసివేతలు ఉండాలి, ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. పేరు, తరగతి, తేదీ ఎవరిది వాళ్లే రాయాలి. డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఇదే మళ్లీ చేయించండి. ఏడాదికి మూడు కాగితాలు, నాలుగేళ్లకు పన్నెండు.

ఇందులో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, ఎర్ర సిరాతో దిద్దేయడం. ఈ కాగితం మీద దిద్దకండి, తప్పు తప్పుగానే కనిపించాలి. దిద్దేది నోటుబుక్కులో దిద్దండి. రెండోది పెన్సిలుతో రాయించడం. నాలుగేళ్లకు అక్షరాలు చెరిగిపోతాయి. మూడో తరగతి నుంచి బాల్‌పెన్ను ఇవ్వండి, రెండో తరగతి కాగితాన్ని ఫొటో తీసి ఉంచుకోండి. పిల్లల వారీగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇనుప బీరువాలో దాచండి. చెక్క అల్మరా అయితే చెదలు ఊరుకోవు.

పిల్లలు మీ బడి దాటిన ఐదేళ్లకు పదో తరగతి ఫలితాలు వస్తాయి. ఎవరు ఏ హైస్కూల్లో చేరారో మీ రికార్డుల్లోనే ఉంటుంది, ఆ హెచ్ఎం గారికి ఒక్క ఫోను చేస్తే ఫలితాలు తెలుస్తాయి. ముగ్గురు నలుగురిని జూన్ చివర్లో ఒక శనివారం మీ బడికి పిలవండి. ఫస్టు వచ్చినవాళ్లనే పిలవొద్దు, తప్పినవాళ్లు కూడా ఒకరుండాలి. వాళ్ల రెండో తరగతి కాగితం వాళ్ల చేతికివ్వండి. తర్వాత ఒక పీరియడు మీ మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి పాఠం చదివించమనండి. నేను గుర్తున్నానా అని అడగకండి. ఆరో తరగతికి వెళ్లాక ఏది కష్టమైంది, ఇక్కడ నేర్చుకున్నదాంట్లో ఏది అక్కరకొచ్చింది అని అడగండి. లెక్క చేయడం వచ్చింది గానీ లెక్కను చదివి అర్థం చేసుకోవడం రాలేదని ఒకరైనా అంటారు. ఆ మాటతో వచ్చే ఏడాది మీ బోధన మారుతుంది. ఫొటోలు ఎక్కించే పని తప్పదు, అది మీ సమయాన్ని తింటోందన్నదీ నిజమే. మీ పని ఎంతదో చెప్పేవి మాత్రం ఆ పన్నెండు కాగితాలే.

మా టీచర్లను సెప్టెంబరు 5న కలవడం మంచిదా, ఇంకో రోజు మంచిదా? – కరీంనగర్ జిల్లా

సర్వీసులో ఉన్నవారినైతే ఇంకో రోజు కలవండి. 5వ తేదీన బడిలో కార్యక్రమం ఉంటుంది, ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాల సభలూ ఆ రోజే ఉంటాయి, నిలబడి మాట్లాడే తీరిక వాళ్లకు దొరకదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962 నుంచి ఆయన పుట్టినరోజును మనం ఉపాధ్యాయ దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆయనకు విద్యార్థులు చేసిన గౌరవాల్లో జనం ఇప్పటికీ చెప్పుకునేది అంతకు చాలా ముందుది. 1921లో మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే విద్యార్థులు బండిని పూలతో అలంకరించి, తామే లాక్కుంటూ రైల్వేస్టేషన్‌కు తీసుకెళ్లారు. దానికి క్యాలెండరులో ఏ తేదీ లేదు, మాస్టారు ఊరు వదిలే రోజు అది.

అలాంటి రోజు మీ టీచరుకూ ఒకటుంది. ఉద్యోగ విరమణ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. పుట్టిన నెల ఆఖరు రోజున విరమణ. ఒకటో తేదీన పుట్టినవారికి మాత్రం అంతకు ముందు నెల ఆఖరు రోజు. బడిలో అడిగితే తేదీ చెబుతారు. అంతకు ఏడాది ముందు వెళ్తే ఇంకా మేలు. మీరు చెప్పేది విన్నాక ఆయనకు పాఠం చెప్పడానికి ఒక ఏడాది మిగిలి ఉంటుంది.

మాది 1999–2000 పదో తరగతి బ్యాచ్, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. దసరా సెలవుల్లో సార్లను, మేడమ్‌లను పిలిచి సన్మానం చేద్దామని వాట్సాప్ గ్రూపు పెట్టినం. ఇప్పటికి 41 మంది దొరికిన్రు. చదువు చెప్పినవాళ్లు 9 మంది ఉన్నరు, ఒక సారుకు 82 ఏళ్లు. ఎక్కడ మొదలుపెట్టాలె, ఎక్కడ తప్పులు జరుగుతయి? – నల్గొండ జిల్లా

పేర్ల జాబితా దగ్గర మొదలుపెట్టండి. వాట్సాప్ గ్రూపు ఒకరికి తెలిసిన ఒకరితో పెరుగుతుంది కాబట్టి అందులో రెండు రకాలవాళ్లు జారిపోతారు: పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లలు, పది తప్పినవాళ్లు. ఇప్పటి ప్రధానోపాధ్యాయులకు ఒక దరఖాస్తు రాసి, ఆ ఏడాది పదో తరగతి నామినల్ రోల్సు, అడ్మిషన్ రిజిస్టరు చూడనివ్వమని అడగండి. నామినల్ రోల్సులో పరీక్ష రాసిన ప్రతి ఒక్కరి పేరూ ఉంటుంది, పాసైనా తప్పినా. ఎనిమిదిలో, తొమ్మిదిలో మానేసినవాళ్లు అడ్మిషన్ రిజిస్టరులో దొరుకుతారు. ఆడవాళ్ల ఇంటిపేర్లు మారి ఉంటాయి, ఫేస్‌బుక్‌లో ఎంత వెతికినా కనపడరు. పుట్టింటికి వెళ్లి అన్నదమ్ములను అడగడమే దారి. ఆ ఫోను ఆడవాళ్లతోనే చేయించండి, పిల్లలనూ ఇంటాయననూ తీసుకురావచ్చని చెప్పించండి, సాయంత్రం నాలుగున్నరకు అయిపోతుందని ఖాయంగా చెప్పించండి. చాలామంది రాకపోవడానికి కారణం తిరుగు బస్సు.

తేదీ సద్దుల బతుకమ్మ నాడో, దసరా నాడో పెట్టకండి. రెండు మూడు రోజులు అటో ఇటో జరపండి. ఆంధ్రా వైపు సంక్రాంతికి చేసుకునేవాళ్లూ అంతే, భోగికి ముందో ముక్కనుమ దాటాకో పెట్టుకోవాలి. సెలవులు కాబట్టి బడి తాళాలు, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్లు, కరెంటు ముందురోజే చూసుకోవాలి. ఫంక్షన్ హాలు కన్నా బడే మంచిది. ఏ గదిలో ఎవరు ఏం చెప్పారో ఆ గోడల మధ్యే గుర్తొస్తుంది.

నెల ముందు ఒక్కో టీచరు ఇంటికి ఇద్దరు చొప్పున వెళ్లండి. పిలుపుతో పాటు చూసి రావాల్సినవి కొన్ని ఉన్నాయి: మోకాళ్లెలా ఉన్నాయి, షుగరుందా, ఏ వేళకు మందులేసుకోవాలి, చెవులు బాగా వినిపిస్తున్నాయా. ఆ రోజు కారు తీసుకెళ్లి తెచ్చేదీ, మళ్లీ ఇంట్లో దింపేదీ అదే ఇద్దరు. 82 ఏళ్ల సారు రాలేనంటే బలవంతపెట్టొద్దు. ముందురోజు ఐదుగురు ఆయన ఇంటికి వెళ్లి అరగంట కూర్చోండి, శాలువా అక్కడే కప్పండి, ఆయన మాట ఫోనులో రికార్డు చేసి మర్నాడు సభలో వినిపించండి. కాలం చేసిన టీచర్ల ఇళ్లకూ కబురు పంపండి. అటెండరును, వాచ్‌మన్‌ను మరచిపోవద్దు. గంట కొట్టింది ఆయనే.

పొద్దున 9:30కు టిఫిను, 10:15కు గంట, ప్రార్థన. తర్వాత పాత క్లాస్ టీచరు చేత హాజరు పిలిపించండి. ప్రెజెంట్ సార్ అంటూ లేచి ఊరు, పని ఒక్క వాక్యంలో చెప్పాలి. మనిషికి అర నిమిషం చొప్పున 60 మంది వచ్చినా అరగంట. ఆ తర్వాత సన్మానం. ఒక్కో టీచరుకు 8 నిమిషాలు, తొమ్మిది మందికి గంటా పన్నెండు నిమిషాలు. శాలువా ఒక్కటే, ఒక్కసారే. అందరూ తలా ఒకటి కప్పుతుంటే పెద్దవాళ్లు ఉక్కపోతలో నిలబడి అలసిపోతారు. ఒక్కో టీచరు గురించి ఒక్క విద్యార్థి మూడు నిమిషాలు మాట్లాడాలి, అదీ ఒకే ఒక్క పాఠం గురించో, ఒక్క రోజు గురించో. మీరు మాకు దైవసమానులు అని తొమ్మిది సార్లు చెబితే తొమ్మిది మందికీ ఏమీ చెప్పనట్లే. ఉత్తరంలో విషయం ముందు, సంతకం చివర అని మీరు నేర్పిన పద్ధతిలోనే నిన్న బ్యాంకుకు అర్జీ రాశాను మేడమ్ అంటే ఆమెకు తన పని కళ్ల ముందు కనిపిస్తుంది.

భోజనం 12:45 దాటకూడదు. షుగరున్నవాళ్లు మాత్ర వేసుకుని కూర్చుంటే మూడింటికి వడ్డించడం ప్రమాదం. ఈ సభల్లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు ఇదే, దానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే, వేదిక మీదికి నాయకులను పిలవడం. పిలవొద్దు. మధ్యాహ్నం వేదికే వద్దు. ఒక్కో టీచరును ఒక్కో తరగతి గదిలో కూర్చోబెట్టండి, ఎవరికి ఎవరితో మాట్లాడాలని ఉందో వాళ్లు ఆ గదికి వెళ్తారు. మైకు ముందు నోరు పెగలనివాళ్లు అక్కడ మాట్లాడతారు. గంటన్నర వదిలేయండి. మీరు ఇంత శ్రమపడేది ఆ గంటన్నర కోసమే.

డబ్బు సంగతి. మనిషికి 1,500 చొప్పున 41 మందికి 61,500. వంద మందికి ప్లేటు 250 చొప్పున భోజనం 25,000, టెంటు, కుర్చీలు, మైకు 10,000, శాలువాలు 5,000, కార్లు 10,000, ఫొటోలు 8,000, మొత్తం 58,000. ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇవ్వలేనివాళ్లను కోశాధికారి ఒక్కరే తెలిసి వదిలేయాలి. ఎవరెంత ఇచ్చారో మైకులో చదివారంటే ఇవ్వలేనివాడు ఇక మీ గడప తొక్కడు.

అద్దాల జ్ఞాపికలు కొనడం మానుకోండి. ప్రతి ఒక్కరూ అర పేజీ రాయాలి: ఏ టీచరు, ఏ పాఠం, అది ఇవాళ నాకు ఎక్కడ పనికొస్తోంది. 41 పేజీలు, తొమ్మిది ప్రతులు, 369 కాగితాలు. జిరాక్సు రెండు రూపాయలనుకుంటే 738, స్పైరల్ బైండింగుకు 40 చొప్పున 360. వెయ్యీ వంద రూపాయల పని. సగం మంది రాయరు, అది ముందే అనుకోండి. వాళ్లకు ఫోను చేసి, వాళ్లు చెబుతుంటే మీరు రాసుకోండి. టైపు చేయిస్తే అక్షరాలు 16 పాయింట్లకు తగ్గనివ్వకండి, చదివేవాళ్లకు డెబ్బై దాటాయి.

పదిలో లెక్కలు తప్పి చదువు మానేశానండి. ఇప్పుడు నాకు లేత్ వర్క్‌షాపు ఉంది, నలుగురు పనిచేస్తున్నారు. లెక్కల మాస్టారు ఇంకా సర్వీసులోనే ఉన్నారని తెలిసింది. వెళ్లి కలవాలనుంది. ఫెయిలైనోణ్ణి వెళ్తే ఆయనకేం గౌరవం అని ఆగిపోతున్నాను. – తూర్పుగోదావరి జిల్లా

వెళ్లండి, చేతిలో ఒక టేపర్ ముక్క, అంటే ఒక చివరకు సన్నబడేలా లేత్ మీద తిప్పిన కడ్డీ ముక్క, పట్టుకుని వెళ్లండి.

మీరు రోజూ తిప్పే టేపరులో ఉన్నది పదో తరగతి త్రికోణమితే. పెద్ద వ్యాసంలోంచి చిన్న వ్యాసం తీసేసి, వచ్చినదాన్ని పొడవుకు రెట్టింపుతో భాగిస్తే కాంపౌండ్ రెస్టును (లేత్‌లో కోత పనిముట్టును కోణంలో నడిపే భాగం) తిప్పాల్సిన కోణానికి టాన్ విలువ వస్తుంది. 50 మిల్లీమీటర్ల కడ్డీని 100 మిల్లీమీటర్ల పొడవులో 40కి దించాలంటే 10ని 200తో భాగించాలి, 0.05, అంటే దాదాపు 2.9 డిగ్రీలు. సైన్, కాస్, టాన్ ఎక్కడ పనికొస్తాయి సార్ అని లెక్కల మాస్టార్లను ఏటా పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఆ ముక్కను, ఒక వెర్నియర్ కాలిపరును క్లాసులో తిప్పి, వ్యాసాలు పిల్లలతోనే కొలిపించి, కోణం బోర్డు మీద వాళ్ల చేతే కట్టించండి. అరగంట చాలు.

ముందు మాస్టారికి ఫోను చేయండి, హెచ్ఎం గారి అనుమతి ఆయనే తీసుకుంటారు. త్రికోణమితి పాఠం జరిగే రోజుల్లో వెళ్తే ఇంకా మంచిది. మార్చిలో మాత్రం వద్దు, పబ్లిక్ పరీక్షల హడావిడి. కలిసిన మొదటి నిమిషంలోనే మీ సబ్జెక్టులోనే తప్పాను సార్ అని మీరే అనేయండి. లేకపోతే ఆయన మార్కులెన్నని అడిగి నొచ్చుకుంటారు. ఖరీదైన కానుకలు తీసుకెళ్లొద్దు, సర్వీసులో ఉన్నవారికి 1964 నాటి ప్రవర్తనా నియమావళి హద్దులు పెట్టింది. ఆ ముక్కనే బల్ల మీద ఉంచి రండి. అన్నట్టు, పది పూర్తిచేయాలని మీకెప్పుడైనా అనిపిస్తే సార్వత్రిక విద్యాపీఠం ద్వారా రాయవచ్చు, పెద్ద వయసన్న అడ్డు లేదు.

నాకు 74 ఏళ్లు. పాత విద్యార్థులు ఎక్కడ కనబడినా కాళ్లకు దండం పెట్టి, గుర్తుపట్టారా మాస్టారూ అంటారు. గుర్తుపట్టలేను. వాళ్ల మొహం చిన్నబోతుంది. ఇది మతిమరుపు జబ్బేమోనని కూడా భయంగా ఉంది. – విశ్రాంత తెలుగు పండితులు, శ్రీకాకుళం జిల్లా

ఏడాదికి ఐదు సెక్షన్లు, సెక్షనుకు 40 మంది, ముప్పై ఏళ్లకు పైగా సర్వీసు. పై తరగతుల్లో మళ్లీ మీ దగ్గరే చదివినవాళ్లను తీసేసినా కొన్ని వేలమంది. పైగా మీరు చూసింది పద్నాలుగేళ్ల ముఖం, ఇప్పుడు ఎదురుగా ఉన్నది నలభై ఐదేళ్ల ముఖం. గుర్తుపట్టకపోవడం జబ్బు కాదు. తెలిసిన వీధిలో ఇంటికి దారి తప్పడం, గంట కింద తిన్నది మరచి మళ్లీ అన్నం అడగడం, చెప్పిందే పదే పదే చెప్పడం ఉంటే మాత్రం వైద్యుడికి చూపించుకోవాలి. చెవినీ పరీక్ష చేయించండి. పేరు సరిగ్గా వినపడక గుర్తురాలేదనుకునేవాళ్లూ ఉంటారు.

తెలియకుండా ఓహో నువ్వా అనేయకండి, రెండో ప్రశ్నకే దొరికిపోతారు, అప్పుడు ఇద్దరికీ ఇబ్బంది. ఏ ఊరు నాయనా, ఏ ఏడాది పది, మీ అన్నయ్యలెవరైనా మన బడిలో చదివారా అని అడగండి. ఊరు, ఏడాది, ఇంటిపేరు మూడూ కలిస్తే చాలాసార్లు ముఖం తోస్తుంది. తోచకపోతే, నీ ముఖం జ్ఞాపకం రావడం లేదు, నా క్లాసులో నీకేది గుర్తుందో చెప్పు అనండి. చిన్నబోయిన ముఖం విప్పారుతుంది, చెప్పడానికే కదా వచ్చింది. ఏ పద్యం అప్పజెప్పాడో, ఏ సంధి దగ్గర తడబడ్డాడో చెబుతాడు. ఇంటికెళ్లాక ఒక నోటుబుక్కులో తేదీ, పేరు, బ్యాచ్, ఊరు, చేస్తున్న పని, అతను చెప్పిన మాట రాసి పెట్టుకోండి.

ఇక పాత విద్యార్థులకు: దయచేసి పరీక్ష పెట్టకండి. నేను 1992 బ్యాచ్, ఫలానా ఊరు, ఫలానా వారి అబ్బాయిని, కిటికీ పక్క బెంచీ అని మీరే చెప్పండి.

ఇరవై ఏళ్ల కింద నా దగ్గర తొమ్మిది చదివిన అమ్మాయి ఇప్పుడు నర్సు. ఒక పెళ్లిలో కలిసి, నోట్సు తేలేదని క్లాసంతా నవ్వేలా అన్నారు మేడమ్, అప్పట్నుంచి మీ పీరియడంటే కడుపునొప్పి వచ్చేది అంది. నాకేమీ గుర్తు లేదు. నిద్ర పట్టడం లేదు. ఫోన్ చేయాలా, వదిలేయాలా? – జీవశాస్త్ర ఉపాధ్యాయిని, అనంతపురం జిల్లా

ఫోన్ చేయండి, ఈ వారంలోనే. చెప్పాల్సింది నాలుగు వాక్యాలు: నువ్వు చెప్పింది విన్నానమ్మా. నాకు గుర్తు లేదు గానీ జరగలేదని అనను. అలా అనకూడదు. తప్పు నాదే. అక్కడితో ఆగండి. నీ మంచికే అన్నానని చేర్చకండి, క్లాసులో అరవై మంది ఉండేవారని చెప్పకండి. నన్ను క్షమించావా అని అడిగితే మిమ్మల్ని ఓదార్చే పని ఆమె మీద పడుతుంది, అదీ వద్దు. ఆమె మౌనంగా ఉంటే ఉండనివ్వండి. ఇంకా చెబితే వినండి.

ఆ తర్వాత చేయాల్సింది మీ ఇప్పటి క్లాసులో ఉంది. నోటుబుక్కులు చూసే పద్ధతి మార్చండి. నిలబెట్టి అడగడం మాని, బల్లల మధ్య నడుస్తూ చూడండి. తేనివాళ్ల పేరు మీ పుస్తకంలో రాసుకుని, పీరియడయ్యాక వరండాలో ఒంటరిగా అడగండి. అడిగితే సాధారణంగా తేలేది మూడే: కొనడానికి డబ్బుల్లేవు, తండ్రి దగ్గరో తల్లి దగ్గరో వేరే ఇంట్లో ఉండిపోయింది, లేదా వెనకబడి రాయలేకపోయింది. మొదటిదానికి మీ బల్లలో ఐదు తెల్ల నోటుబుక్కులు ఉంచుకోండి. రెండోదానికి విడి కాగితం. మూడోదానికి పక్కమ్మాయి పుస్తకం ఒక రాత్రికి ఇప్పించండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం 2009లో వచ్చింది, మీ సంఘటన అంతకు ముందుది కావచ్చు. ఆ పిల్లకు కలిగిన బాధకు తేదీతో పని లేదు.

ఇంకొక్క మాట. ఇరవై ఏళ్లు మోసిన మాటను ఆమె మీ ముందుకే తెచ్చి చెప్పింది. వింటారని నమ్మకం లేకపోతే దండం పెట్టి పక్కకు వెళ్లిపోయేది. క్లాసులో అన్న ఒక్క వాక్యం ఇరవై ఏళ్లు ఉంటుందని మీకిప్పుడు తెలిసింది. మీరు అన్న మంచి మాటలూ ఎక్కడో ఎవరి దగ్గరో అలాగే ఉన్నాయి.

మేం అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న 14 మంది పాత విద్యార్థులం. మా ఊరి హైస్కూలుకు మూడు లక్షల దాకా ఇవ్వాలనుకుంటున్నాం. డిజిటల్ బోర్డా, నీళ్ల ప్లాంటా, ఇంకేమైనా మంచిదా? – డాలస్ నుంచి

ముందు బడిని అడగండి, వస్తువు తర్వాత. డిజిటల్ బోర్డు ఇప్పటికే ఉండొచ్చు, ఆంధ్రప్రదేశ్‌లో చాలా హైస్కూళ్లకు ప్రభుత్వమే పెద్ద తెరలిచ్చింది. నీళ్ల ప్లాంటు పెట్టినవాళ్లు చాలామందే, ఫిల్టర్లూ మెంబ్రేనూ మార్చే ఖర్చు ఎవరిదో రాసుకున్నవాళ్లు కొద్దిమందే. రెండో ఏడాది అది మూలన పడుతుంది. మరుగుదొడ్లు కట్టించినా అంతే, నీళ్లూ శుభ్రం చేసే మనిషీ లేకపోతే తాళం పడుతుంది. కాబట్టి ఏటా వచ్చే ఖర్చుకు ఏర్పాటు చేయడమే మేలు. మూడు లక్షలు బ్యాంకులో వేసి 7 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 21,000, అసలు కదలదు.

ఆ 21,000తో ఎనిమిదో తరగతి పిల్లలను జాతీయ ఉపకారవేతన పరీక్షకు, అదే ఎన్‌ఎంఎంఎస్‌కు తయారుచేయించండి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకు, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే అర్హత. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000, మొత్తం 48,000. మేధాశక్తి ప్రశ్నలు 90, సబ్జెక్టు ప్రశ్నలు 90, ఒక్కోదానికి 90 నిమిషాలు. మేధాశక్తి ప్రశ్నలు పాఠ్యపుస్తకాల్లో ఉండవు, బడి పిల్లలు వెనకబడేది అక్కడే. పాత ప్రశ్నపత్రాల జిరాక్సులకు, సాధన పుస్తకాలకు, సాయంత్రం తరగతుల్లో చిరుతిండికి మీ వడ్డీ సరిపోతుంది. ఆదాయ ధ్రువపత్రం వేళకు అందక దరఖాస్తు ఆగిపోయే పిల్లలుంటారు. జులైలోనే ఊళ్లో ఉన్న మీ స్నేహితుల్లో ఒకరికి ఆ పని అప్పజెప్పండి.

డబ్బు పంపే దారి. ఏడుగురితో సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అనుమతి లేని సొసైటీ దాన్ని తీసుకోకూడదు. మీ 14 మందిలో ఎవరు ఏ పాస్‌పోర్టో ముందే విడదీసుకోండి, అందరూ ఒకరి ఖాతాలో వేసి ఒక్కసారిగా పంపడం అస్సలు చేయొద్దు. వస్తువులుగానో, చదువు చెప్పే సేవగానో ఇవ్వాలంటే కేంద్ర ప్రభుత్వ విద్యాంజలి పోర్టల్ ఉంది. బడి 11 అంకెల యూడైస్ కోడు (ప్రతి బడికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) అడిగి పెట్టుకుంటే అందులో వెతకడం తేలిక.

డబ్బుతో పాటు నెలకొక గంట ఇవ్వగలరేమో చూడండి. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న టీచర్లకు మీరెవరో తెలియదు, మీరు చదివిన బడిలో ఇవాళ పాఠం చెబుతున్నది వాళ్లు. సైన్సు టీచరునో లెక్కల టీచరునో అడిగి, ఆ నెల ఏ పాఠం జరుగుతోందో తెలుసుకుని, ఆ పాఠం మీ పనిలో ఎక్కడ తగులుతుందో వీడియో కాల్‌లో పిల్లలకు చూపించండి. సొంత విజయగాథ అక్కర్లేదు. డాలస్‌లో రాత్రి 10 గంటలంటే మార్చి నుంచి నవంబరు దాకా ఇక్కడ ఉదయం 8:30, ప్రార్థనకు ముందు. నవంబరులో మీ గడియారాలు మారాక 9:30 అవుతుంది, అప్పటికి బడి మొదలైపోతుంది, మీరు రాత్రి 9కే కూర్చోవాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు తేడా గంటన్నర, రెండున్నర గంటలే, సాయంత్రం స్టడీ అవర్ వాళ్లకు అప్పగించండి.